వెర్డెల్ పాటలో చివరి మూడు నిమిషాలు

వెర్డెల్ గాస్కిన్స్ పోయి ఆరు రోజులైంది. ఈ ఆరు రోజులూ ఫిలడెల్ఫియా ఉత్తరపు వీధుల్లో ఏ కిటికీ కింద నిలబడినా ఆమె గొంతే. మంగలి షాపులో ఆమే, బట్టలుతికే మెషిన్ల దగ్గర ఆమే, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి కారులోనూ ఆమే. గాస్కిన్స్ వాళ్ళ ఇంటి మెట్ల మీద ఎవరెవరో పాత రికార్డుల అట్టలు పెట్టి పోతున్నారు. వెండి రంగు గౌను, చెవులకు గాజులంత రింగులు, తల వెనక్కి వాల్చి నవ్వుతున్న వెర్డెల్. పదహారేళ్ళ కింద, డెబ్బై ఏడులో, ఆ నవ్వుతో పాటు ఊరు ఊరంతా చిందులేసింది.

ఊరంతా ఏడుస్తున్న ఆ మనిషిని రేపు పదకొండింటికి ఎక్కణ్ణుంచి సాగనంపాలో మాత్రం ఇంకా తేలలేదు.

వెర్డెల్ చివరి కోరిక ఒక్కటే. తను పుట్టి పెరిగిన చర్చిలో, ఆరాధన జరిగే పై హాల్లో, చిన్నప్పుడు తను పాడిన బృందం ఎదురుగా తన శవపెట్టె ఉండాలి. ఆ మాట ఆసుపత్రి మంచం మీద మేనకోడలు నేడ్రా చెయ్యి పట్టుకుని చెప్పింది. నేడ్రా సరేనంది. తీరా నిన్న రెవరెండ్ చేతులెత్తేశాడు. "మీ అత్త పేరు చర్చి సభ్యుల పట్టీలో లేదు తల్లీ. పట్టీలో లేనివాళ్ళ పెట్టె పై హాల్లోకి రాదు. ఆ పేరు కొట్టేయించింది మదర్ మేబ్రీ. మళ్ళీ రాయించాలన్నా ఆవిడే. నేనీ చర్చికి వచ్చి రెండేళ్ళు, ఆవిడొచ్చి యాభై ఏళ్ళు. నన్ను ఇరికించకు" అన్నాడు.

ఇవాళ శుక్రవారం. సాయంత్రం ఐదింటికి పెట్టె వస్తుంది. నాలుగింటికి నేడ్రా చర్చి కింది వంటగది మెట్లు దిగింది.

పంతొమ్మిదేళ్ళ పిల్ల. నలుగురిలో నోరు విప్పాలంటే ముందుగా మాటలు కాగితం మీద రాసుకునే రకం. ఇవాళా రాసుకుంది. కాగితం కోటు జేబులో ఉంది. ఆఖరి మెట్టు దిగేసరికి అందులోని మొదటి వాక్యం కూడా గుర్తు రాలేదు.

రేపటి భోజనాల పని జోరుగా సాగుతోంది. కోడి ముక్కలు మజ్జిగలో నానుతున్నాయి. ఒకామె చిలగడదుంపలు ఉడికించి చెక్కు తీస్తోంది. పొయ్యి దగ్గర ట్రూడీ అక్క, చేతిలో గరిటె, తలకి ప్లాస్టిక్ టోపీ.

"ఏమే నేడ్రా, గుమ్మంలో అలా బిగుసుకుపోయావేం? నిన్ను ఫ్రేము కట్టించి గోడకి తగిలించాలా?"

"మదర్‌తో మాట్లాడాలి అక్కా."

"మదర్‌తోనా! అయితే ముందు చేతులు కడుక్కో. ఖాళీ చేతులతో వచ్చిన వాళ్ళ మాటలు ఆవిడకి వినపడవు."

ఆడవాళ్ళు నవ్వారు. నేడ్రా నవ్వలేకపోయింది.

వంటగది చివర, పొడుగాటి బల్ల దగ్గర మదర్ మేబ్రీ కూర్చుని ఉంది. చర్చిలో అందరూ 'మదర్' అని పిలిచే పెద్దావిడ. డెబ్బై ఎనిమిదేళ్ళు. తెల్ల గౌను, తెల్ల మేజోళ్ళు, తెల్ల టోపీ. ఎదురుగా గుట్టగా ఆకుకూర. ఒక్కో ఆకూ తీసి, నడిమి ఈనె పట్టుకుని ఒక్క లాగు లాగుతోంది. ఆకు రెండు చెక్కలై గిన్నెలో పడుతోంది. నేడ్రా చేతులు కడుక్కుని వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. తనూ ఒక ఆకు తీసుకుంది.

"ఈనె తియ్యడం వచ్చా?" అంది మదర్, తల ఎత్తకుండానే.

"వచ్చు మదర్."

"ఎవరు నేర్పారు?"

"వెర్డీ అత్త."

ముసలావిడ చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. "ఎన్ని నీళ్ళలో కడిగేది?"

"నాలుగు."

"మూడు చాలని అందరికీ చెబుతాను. దానికి మాత్రం నాలుగని చెప్పాను. ఇసక మింగితే గొంతు పాడవుతుందని."

ఆ మాటతో నేడ్రాకి కొంచెం ధైర్యం వచ్చింది. "మదర్, రేపు అత్తని పై హాల్లో..."

"కింది గది శుభ్రం చేయించాను. కుర్చీలు వేయిస్తాను. పూలు పెట్టుకోండి. పాడుకోండి. ఎవరూ కాదనరు."

"అత్త అడిగింది కింది గది కాదు."

"అడిగిందల్లా దొరుకుతుందా పిల్లా?"

ఇంక రాసుకున్న మాటల పని లేకపోయింది. లోపల ఆరు రోజులుగా ఉడుకుతున్నది దానంతటదే పొంగింది.

"క్లబ్బుల్లో పాడిందనేగా మదర్? ఆ పాటలకి డాన్సు చెయ్యని వాళ్ళు ఈ చర్చిలో ఎవరున్నారు? ట్రూడీ అక్క ఇప్పటికీ..."

"నన్ను లాగకే తల్లీ!" పొయ్యి దగ్గర్నుంచి అరిచింది ట్రూడీ. "నా మోకాళ్ళు ఎప్పుడో మారుమనసు పొందాయి!"

మదర్ మేబ్రీ అటు ఒక్క చూపు చూసింది. ట్రూడీ గరిటె కింద పెట్టింది. "పదండే, పెరట్లో కాసేపు గాలి పీల్చుకుందాం. ఇక్కడ సెగ ఎక్కువైంది" అని ఆడవాళ్ళందరినీ తోలుకుంటూ బయటికి నడిచింది. పెరటి తలుపు మూసుకుంది.

"క్లబ్బుల్లో పాడిందని నేనన్నానా?" అంది మదర్.

"అందరూ అన్నారు."

"అందరి సంగతి కాదు. నేనన్నానా?"

నేడ్రా ఆలోచించింది. నిజమే, ఆవిడ అనగా ఎవరూ వినలేదు. ఆ చర్చిలో తప్పు చేసిన వాళ్ళని కూర్చోబెడతారు. పాడేవాళ్ళయితే పాడకూడదు, వెనక బెంచీ దాటి ముందుకి రాకూడదు. ఏదో ఒక ఆదివారం లేచి నిలబడి తప్పు ఒప్పుకుంటే, కూర్చోబెట్టిన మనిషే ముందుగా కుడిచెయ్యి ఇవ్వాలి. ఆ తర్వాతే మిగతా వాళ్ళు వరసగా వచ్చి చెయ్యి కలుపుతారు. పేరు మళ్ళీ పట్టీకెక్కుతుంది. డెబ్బై ఏడులో మదర్ మేబ్రీ లేచి, "వెర్డెల్‌ని కూర్చోబెట్టండి" అని రెండే మాటలంది. కారణం చెప్పలేదు. అడిగే సాహసం ఎవరికీ లేకపోయింది.

రెండేళ్ళ తర్వాత వెర్డెల్ వచ్చింది. అది నేడ్రాకి లీలగా గుర్తుంది. తను ఐదేళ్ళది, నాన్న ఒళ్ళో ఉంది. అత్త మొహానికి రంగు లేదు, ముదురు నీలం గౌను వేసుకుంది. నిలబడి, "నన్ను మన్నించండి మదర్" అంది. మదర్ మేబ్రీ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. చాలాసేపు నిలబడి, చివరికి అత్త నడుము విరిగినట్టు తూలుతూ బయటికి వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"మరెందుకు మదర్?" అంది నేడ్రా. "ఎందుకు చెయ్యివ్వలేదు?"

మదర్ ఆకు పక్కన పెట్టింది. గౌను మీద పడిన ఈనె ముక్కని ఏరి గిన్నె అంచున పెట్టింది.

"నాకో కొడుకుండేవాడు. క్లీవన్. అరవై తొమ్మిదిలో యుద్ధంలోంచి పెట్టెలో వచ్చాడు. పెట్టె తెరవొద్దన్నారు. పైన హాల్లో పెట్టారు. మీదో జెండా. ఆ మూల నుంచి ఈ మూలకి మడత లేకుండా సర్దారు. రెవరెండ్ మాట్లాడాడు, ఎవరో మిలటరీ మనిషి మాట్లాడాడు. నాకు ఏడుపు రాలేదు. కన్నతల్లిని, ఒక్క చుక్క రాలేదు. ఆఖరికి పెట్టె ఎత్తబోతుంటే నాలోంచి ఒక రాగం వచ్చింది. మాటల్లేవు. అది పాటా కాదు, ప్రార్థనా కాదు. ఎంతసేపు తీశానో నాకు తెలీదు. పడిపోతుంటే నా డొక్కలు పట్టుకుని నిలబెట్టిందెవరో తెలుసా? మీ అత్త. ఇరవై మూడేళ్ళ పిల్ల. నా రాగం దాని చేతుల్లో అదరడం నాకు తెలుస్తూనే ఉంది."

నేడ్రా చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

"ఎనిమిదేళ్ళు గడిచాయి. వేసవికాలం. బస్సు కోసం నిలబడ్డాను. రికార్డుల షాపు వాడు గుమ్మంలో స్పీకర్ పెట్టాడు. వెర్డెల్ పాట. మంచిదే, పిల్ల బాగా పాడుతోంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. చరణాలు అయిపోయాయి. ఆ తర్వాత వచ్చింది. నా కొడుకు పెట్టె ముందు నేను తీసిన రాగం. అచ్చంగా అదే. నా ఊపిరి ఎక్కడ విరిగిందో అక్కడే విరిచింది. ఎక్కడ నా గొంతు బొంగురుపోయిందో అక్కడే బొంగురు పోనిచ్చింది. దాని కింద డప్పులు, చప్పట్లు. ఫుట్‌పాత్ మీద పిల్లలు నడుములూపుతున్నారు. ఒకడు నవ్వుతూ, 'రా మామ్మా, నువ్వూ రా' అని నా చెయ్యి పట్టుకుని లాగాడు."

ఆవిడ తన కుడిచేతి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుంది, ఇప్పుడే ఎవరో లాగినట్టు.

"ఎవరికి చెప్పుకోను? చెబితే క్లీవన్ పేరు కూడా ఆ డప్పుల్లో కలుస్తుంది. 'అదిగో, ఆ పాటలో చనిపోయినవాడి తల్లి' అంటారు. కూర్చోబెట్టండన్నాను. జనమే ఒక కారణం అల్లుకున్నారు."

ఆ పాటలో చివరి మూడు నిమిషాలు తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. మాటలైపోయాక వచ్చే ఆ రాగం కోసమే డాన్సు హాళ్ళలో దీపాలు తగ్గించేవాళ్ళు. నేడ్రా తన పదహారో పుట్టినరోజుకి దానికే ఆడింది. ఆ సంగతి గుర్తొచ్చి ఆమెకి చెంపలు మండాయి. ఆ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరికీ అర్థం కాని సంగతి.

"మదర్, అత్త ఆ రాగం స్టేజి మీద ఎప్పుడూ తియ్యలేదు."

"ఏమిటి?"

"నేను చూశాను. నాకు ఏడేళ్ళప్పుడు నన్ను థియేటరుకి తీసుకెళ్ళింది, తెర పక్కన కూర్చోబెట్టింది. రెండో చరణం అవ్వగానే పిడికిలి ఎత్తింది. వాయిద్యాలు టక్కున ఆగిపోయాయి. జనం లేచి 'చివరిది! చివరిది పాడు!' అని అరిచారు. కాగితం గ్లాసులు విసిరారు. అత్త వంగి దండం పెట్టి వచ్చేసింది. ప్రతి ఊళ్ళోనూ అంతే. నాలుగేళ్ళకి పిలిచేవాళ్ళే లేకపోయారు. వెర్డెల్ గొంతు పోయిందని పేపర్లో రాశారు. గొంతు పోలేదు మదర్. గిన్నెలు తోముతూ ఆ పై స్థాయి అలా అందుకునేది, పక్కింటివాళ్ళు కిటికీ తీసేవాళ్ళు. పాడలేక కాదు. ఎందుకు పాడదో ఎవరికీ చెప్పలేదంతే. నాకూ ఇప్పుడే తెలిసింది."

పొయ్యి మీద చిలగడదుంపల నీళ్ళు పొంగి, చుయ్యిమని చల్లారాయి.

"నాకెవరూ చెప్పలేదు" అంది మదర్.

"మీరెవర్నీ అడగలేదు మదర్."

అంతటి మనిషితో అంతమాట అన్నవాళ్ళు ఆ చర్చిలో ఇంతవరకు లేరు. మదర్ మాత్రం కోప్పడలేదు. కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"రేపు మీ అత్త జీవితం చదివేది నువ్వేగా?"

"నేనే."

"కాగితం ఉందా? తియ్యి. రాయి. నేను చెబుతాను."

నేడ్రా జేబులో కాగితం తీసి, వెనక్కి తిప్పి బల్ల మీద పరిచింది.

"'ఆ పాట చివరి రాగం ఎర్సలీన్ మేబ్రీది. కొడుకు క్లీవన్ పెట్టె ముందు తీసింది. వెర్డెల్ అడక్కుండా తీసుకుంది.' అది రేపు పైన, అందరి ముందు, నీ నోటితో చదువు. పై హాలు తలుపులు నేనే తీయిస్తాను. దాని పేరు పట్టీలో నేనే రాయిస్తాను. లేదంటే కింది గది ఉండనే ఉంది."

నేడ్రా పెన్ను పట్టుకుంది కానీ కదలలేదు. రేపు వెయ్యి మంది వస్తారు. రేడియో వాళ్ళొస్తారు. రాత్రింబవళ్ళు అత్త పాట వేసుకుని కుమిలిపోతున్న వాళ్ళొస్తారు. వాళ్ళందరి ముందు, పెట్టెలో ఉన్న మనిషి మీద, సొంత మేనకోడలు ఆ మాట అనాలి. అనకపోతే అత్తకిచ్చిన మాట పోతుంది. గోడ గడియారంలో ఐదు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

"'అరువు తెచ్చుకుంది' అని రాయనా మదర్?"

"అరువు అడిగి తెచ్చుకునేది."

"పోనీ, 'ఆ రాగం ఆమెని వెంటాడింది' అని..."

"పిల్లా. నేను నీకు పూలమాట చెప్పానా? ఉన్నమాట చెప్పాను. అది తప్పు చేసింది. తప్పు చేశానని తెలుసుకుని పిడికిలి ఎత్తింది. రెండూ చదువు. రెండోది నువ్వే రాసుకో, నాకంటే నీకే బాగా తెలుసు. మొదటిది లేకుండా రెండోది మాత్రం నిలబడదు."

నేడ్రా రాసింది. 'తీసుకుంది' అన్న మాట దగ్గర పెన్ను కాగితాన్ని చింపినంత పనిచేసింది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తండ్రి లిండెల్ దిగాడు. సిటీ బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చెల్లెలు పోయిన దగ్గర్నుంచి అదీ తగ్గింది.

"పెట్టె బయల్దేరిందని ఫోను చేశారు. ఏమన్నారు మదర్? పైనేనా?" అని, కూతురి మొహం చూసి, బల్ల మీది కాగితం అందుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఎవరు రాశారిది?"

"నేనే నాన్నా."

"మా వెర్డెల్ గురించా?"

"నిజం కాబట్టి రాశాను." నేడ్రా లేచి నిలబడింది. "మదర్ అంతా చెప్పారు. అత్తకి కావాల్సింది పై హాలు. దాని కోసం నేను చదువుతాను. నువ్వు కోప్పడినా చదువుతాను."

లిండెల్ కోప్పడలేదు. కాగితం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇది నిజం కాదమ్మా."

"ఏది నిజం కాదురా లిండెల్?" మదర్ గొంతు పెరిగింది. "నా చెవులతో నేను విన్నాను."

"విన్నారు మదర్. మీరు విన్నది నిజమే." అతను నేలకేసి చూస్తున్నాడు. "అప్పట్లో మంచం పట్టినవాళ్ళ కోసం పై హాల్లో ప్రార్థనలన్నీ టేపు పట్టేవాణ్ణి, గుర్తుందా? ఇంటింటికీ పట్టుకెళ్ళి వినిపించేవాణ్ణి."

"మా అక్కకీ తెచ్చేవాడివి. అయితే?"

"క్లీవన్ రోజు కూడా పట్టాను."

మదర్ చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి.

"ఆ పాట రికార్డింగుకి వెర్డెల్‌ని నేనే కార్లో తీసుకెళ్ళాను. చరణాలైపోయాయి, చివర ఏం పాడాలో ఎవరికీ తోచట్లేదు. చర్చిలో పాడినట్టుండాలి అంటున్నారు స్టూడియో వాళ్ళు. అంటే ఎలాగుంటుందో వాళ్ళకి తెలీదు. మర్నాడు వెర్డెల్ రాకముందు ఆ టేపు పట్టుకెళ్ళి వినిపించాను. ఊరికే, తెలుస్తుందని. నా చెల్లెలి పాట బాగుండాలని. టేపు ఒక్కరోజు వాళ్ళ దగ్గరే వదిలి డ్యూటీకి వెళ్ళిపోయాను. వాళ్ళు దాన్ని కోసి, వేగం సరిచేసి, డప్పుల మీద అతికించేశారు. రికార్డు అచ్చయి చేతికొచ్చాకే వెర్డెల్ విన్నది. వినగానే నావైపు చూసింది మదర్. ఆ చూపు ఇప్పటికీ..." అతను టోపీ అంచు నలిపాడు. "చెబుదామన్నాను. వద్దంది. 'నిన్ను కూర్చోబెడితే ఈ ఊళ్ళో తలెత్తుకోలేవన్నయ్యా, పిల్ల పుట్టి మూడేళ్ళు కాలేదు, నా పేరు మీదే ఉండనీ' అంది. స్టేజి మీద ఆ రాగం తియ్యనిది అందుకే. అది తనది కాదు. ఆ రికార్డులో ఆ మూడు నిమిషాలూ పాడింది వెర్డెల్ కాదు మదర్. మీరే."

నేడ్రా తండ్రి వైపు చూసింది. ఐదేళ్ళప్పుడు తను ఎక్కి కూర్చున్న ఒడి అది. అత్త లేచి మన్నించమన్నప్పుడు ఆ ఒడి కదలనైనా కదల్లేదు.

మదర్ మేబ్రీ పెదాలు రెండు మూడుసార్లు కదిలాయి.

"అయితే పద్నాలుగేళ్ళుగా నేను చెయ్యివ్వనిది ఎవరికి?"

బయట వీధిలో పెద్ద కారు ఆగిన చప్పుడు, తలుపులు తెరుచుకున్న చప్పుడు. తర్వాత మెట్ల పైనుంచి అంత్యక్రియల ఏర్పాట్లు చూసే పర్విస్ గొంతు, ఎప్పటిలాగే మెత్తగా, మర్యాదగా:

"వెర్డెల్ గారిని తీసుకొచ్చామండీ. మా వాళ్ళు గుమ్మం దగ్గర ఎత్తి పట్టుకుని ఉన్నారు. పైకా, కిందికా?"

మదర్ మేబ్రీ లేచింది. లిండెల్ చెయ్యి అందించబోతే తోసేసింది. బల్ల మీద కాగితం తీసుకుని, మడత పెట్టకుండానే గుప్పిట్లో నలిపి పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కడం మొదలుపెట్టింది. ఆవిడ వెళ్తున్నది పై హాలు తలుపు తీయడానికో, గడియ వేయడానికో వెనకాల నిలబడ్డ తండ్రీకూతుళ్ళిద్దరికీ తెలియలేదు.